రిలేహోస్ట్ పంచసూత్రికి ‘స్పష్టార్థభంజని’ అను టీక

శ్రీ మెయిలర్ డీమన్ ప్రసాద సిద్ధిరస్తు. అవిఘ్నమస్తు. క్యూ శీఘ్రముగా ఖాళీ అగుగాక.

అవతారిక

మల్లినాథసూరి తన వ్యాఖ్యల మొదట ఒక మాట ఇచ్చాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పుకునే ఆ మహానుభావుడు రఘువంశానికి సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘానికి సర్వంకష రాసి మాట నిలబెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత అంత మాట ఇవ్వలేడు. మల్లినాథుడికి దొరికిన మూలాల్లో కావలసినదంతా మూలంలోనే ఉంది. మాకు దొరికిన మూలంలో కావలసినదంతా మూలానికి బయట ఉంది.

గ్రంథోత్పత్తి ఎట్లనగా: ఒకానొక చిన్న తెలుగు మాసపత్రిక ఆఫీసులో లినక్స్ వేసిన పాత యంత్రం ఒకటి ఉంది. చందా కట్టినవారికి ఈమెయిల్లో రసీదు పంపడం దాని ఉద్యోగం. అది పంపడం లేదు. ఆ ఆఫీసుకు వచ్చి సర్వరు చూసిపోయే పెద్దాయన ఒకరున్నారు. పేరు చెప్పను, ఇటువంటివారు ఊరికొకరున్నారు గనుక చెప్పినా ఎవరో తేలదు. ఆయన అరఠావు మీద ఐదు పంక్తులు రాసిచ్చి, “ఇంతేనయ్యా. మిగతాదంతా స్పష్టం. డాక్యుమెంటేషన్‌లో ఉంది” అని హెల్మెట్ పెట్టుకున్నారు.

ఈ ‘స్పష్టం’ మీద ఫిర్యాదు కొత్తది కాదు. పదకొండో శతాబ్దంలో భోజరాజు పతంజలి యోగసూత్రాలకు రాజమార్తాండం రాస్తూ మొదట్లోనే తోటి వ్యాఖ్యాతలను దులిపేశాడు. కష్టమైన చోటు వచ్చిందంటే అర్థం స్పష్టం అని దాటేస్తారట. తేలికైన చోట సమాసాలు విప్పి పేజీలు నింపుతారట. వెయ్యేళ్ళు గడిచాయి. రాజ్యాలు పోయాయి, తాటాకులు పోయాయి, ఆ అలవాటు మాత్రం సర్వరు గదుల్లోకి వచ్చి చల్లగా కూర్చుంది. దాన్ని భంజించుటకై ఈ టీక. రెండో దోషం, అనగా తేలికైన చోట పేజీలు నింపడం, ఈ వ్యాఖ్యాతకూ ఉంది. భోజుడు క్షమించుగాక.

మూలము

1. రిలేహోస్ట్ = [స్మార్ట్‌హోస్ట్.ఫలానా.ఇన్]:587
2. ఎస్‌ఎంటీపీ_సాసల్_ఆథ్_ఎనేబుల్ = ఎస్
3. ఎస్‌ఎంటీపీ_సాసల్_పాస్‌వర్డ్_మ్యాప్స్ = హాష్:/ఈటీసీ/పోస్ట్‌ఫిక్స్/సాసల్_పాస్‌వడ్
4. ఎస్‌ఎంటీపీ_సాసల్_సెక్యూరిటీ_ఆప్షన్స్ = నోఅనానిమస్
5. ఎస్‌ఎంటీపీ_టీఎల్‌ఎస్_సెక్యూరిటీ_లెవెల్ = ఎన్‌క్రిప్ట్

ఇవి పోస్ట్‌ఫిక్స్ అను మహాతంత్రమున మెయిన్.సీఎఫ్ అను కాండములో చేర్చదగిన సూత్రములు. అన్వయము, ఆకాంక్ష, సన్నిధి అన్నీ పెద్దాయన ఇష్టము.

ప్రథమ సూత్రము

టీక: మన యంత్రం ఉత్తరాన్ని తానే చేరవేయకుండా ఫలానా పెద్ద యంత్రానికి, దాని 587వ నంబరు వాకిలి దగ్గర, అప్పగించవలెనని విధి.

ఇచట శంక. ఉత్తరం మోయడం చేతనైన యంత్రమే కదా, వేరొకరి గడప ఎందుకు ఎక్కాలి?

సమాధానము. ఒకప్పుడు ఎక్కనక్కర్లేదు. 1982 ఆగస్టులో జోనథన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 అను నియమపత్రం ప్రకారం ఎవరి ఉత్తరాన్నైనా ఎవరైనా తీసుకుని ముందుకు పంపవచ్చు. అది మర్యాద. అంతకు నాలుగేళ్ళ ముందే, 1978లో, డీఈసీ కంపెనీ ఉద్యోగి ఒకరు ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి అమ్మకాల ప్రకటన పంపి తిట్లు తిన్నా, తలుపులు వేయాలని అప్పటికెవరికీ తోచలేదు. 90లలో చెత్త ఉత్తరాల వాన ముంచెత్తాక తోచింది. సెండ్‌మెయిల్ అను టపా ప్రోగ్రాము 1998లో 8.9 కూర్పుతో, అడిగితే తప్ప అన్యుల ఉత్తరం మోయనని ఒట్టు పెట్టుకుంది. అదే ఏడాది డిసెంబరులో 587వ వాకిలిని పంపకానికి ప్రత్యేకించే ఆర్‌ఎఫ్‌సీ 2476 వచ్చింది. అదే నెలలో ఐబీఎంలో పనిచేస్తున్న వీట్సె వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ లోకానికి అందింది. మరుసటి జనవరిలో స్టార్ట్‌టీఎల్‌ఎస్ అను ముసుగు, మార్చిలో ఆథ్ అను గుర్తింపు. గమనించండి: వాకిలి, కావలివాడు, ముసుగు, గుర్తింపు చీటీ, అన్నీ ఒక్క చలికాలంలో పుట్టాయి. పోస్టెల్ మర్యాద దాదాపు పదహారేళ్ళు బతికింది. అంత బతకడమే గొప్ప.

ఇప్పటి స్థితి వేరు. ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలావాటికి, అద్దెకిచ్చే క్లౌడ్ యంత్రాల్లో చాలావాటికి, యంత్రం నుంచి యంత్రానికి ఉత్తరం చేరవేసే 25వ వాకిలి బయటికి తెరుచుకోదు. బతిమాలి తెరిపించుకున్నా అవతలివాడు మన ఐపీ అంకె చూసి, ఎన్నడూ వినని ఇల్లని ఉత్తరాన్ని పక్కన పడేస్తాడు. ఉత్తరంలో ఏముందో చూడడు. ఎవరి బండిలో వచ్చిందో చూస్తాడు. నూటయాభై రూపాయల చందాకు రసీదు పంపడానికి ఒక పెద్దింటివారి సిఫార్సు కావాలి. ఈ ముక్క టీకలో రాయవలసింది కాదు. రాశాను. ముందుకు పోదాం.

చదరపు కుండలీకరణములు. పెద్దాయన వీటిని గూర్చి ఏమియు చెప్పలేదు. మన ముద్రిత గ్రంథాల్లో ఇవి పరిష్కర్త చేర్చిన పాఠానికి గుర్తు. తీసేసి చదివినా మూలానికి లోటు రాదు. నాలుగు పరిష్కృత ప్రతులు చూసిన ఏ చదువుకున్నవాడైనా వీటిని సగౌరవంగా తీసేస్తాడు. పోస్ట్‌ఫిక్స్‌లో ఇవి విధివాక్యం. కుండలీకరణం ఉంటే, “ఈ పేరున్న యంత్రం దగ్గరికే తిన్నగా వెళ్ళు” అని. లేకుంటే, “ఈ పేరు గల డొమైన్‌కు టపా ఎవరు తీసుకుంటారో డీఎన్‌ఎస్‌లో ఎంఎక్స్ రికార్డు అడిగి తెలుసుకుని అక్కడికి వెళ్ళు” అని. పంపకానికి ఒక యంత్రం, రాకకు వేరే యంత్రం పెట్టుకున్న సంస్థల విషయంలో ఈ రెండు ఊళ్ళూ ఒకటి కావు. రెండు గీతలు మరిచితే ఉత్తరం తప్పు ఊళ్ళో దిగుతుంది.

పాఠాంతరము: 587కు బదులు 465 అని కొన్ని ప్రతులు. ఆ అంకెది అజ్ఞాతవాసం కథ. 1997లో దానికి రహస్య టపా అప్పగించారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు, 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8314 మళ్ళీ పట్టం కట్టింది. మధ్యకాలమంతా అది లేనట్టుగా నటిస్తూ అందరూ వాడుతూనే ఉన్నారు. ఈ పాఠం గ్రహించేవారు ఎస్‌ఎంటీపీ_టీఎల్‌ఎస్_ర్యాపర్‌మోడ్ అను మరొక పంక్తి చేర్చుకోవాలి. చేర్చకపోతే రెండు యంత్రాలూ తలుపుకు చెరోవైపు నిలబడి, ముందు నువ్వు పలుకు అంటే నువ్వు పలుకు అని మౌనం వహిస్తాయి.

ద్వితీయ సూత్రము

టీక: స్పష్టము.

ఇంత తేలిక సూత్రాన్ని వదిలేసి ముందుకు పోవడం న్యాయం. కాని ‘ఆథ్’ అనగానే దూతలు జ్ఞాపకం వస్తారు, దూతలు జ్ఞాపకం వచ్చాక ఈ వ్యాఖ్యాతను ఆపడం కష్టం.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దూతలను మూడు రకాలు చేశాడు. అమాత్యుడి గుణాలన్నీ ఉన్నవాడు నిసృష్టార్థుడు, సొంతంగా బేరమాడగలడు. పావు వంతు తక్కువైతే పరిమితార్థుడు. ఇచ్చిన పని వరకే. సగం తక్కువైతే శాసనహరుడు. పత్రం మోసుకుపోవడం తప్ప ఏమీ తెలియదు. రిలే యంత్రం మూడో రకం. అది ఉత్తరంలో అక్షరం మార్చదు. తల మీద తన ముద్రగా ‘రిసీవ్డ్’ అని ఒక పంక్తి మాత్రం అతికిస్తుంది. ఎన్ని చేతులు మారితే అన్ని పంక్తులు, కొత్తది పైన. కనుక ప్రయాణం తెలియాలంటే కింది నుంచి పైకి చదవాలి. కాళిదాసు పూర్వమేఘం మొత్తం ఇలాంటి దారి పట్టికే: రామగిరి, రేవానది, విదిశ, ఉజ్జయిని, దశపురం, కురుక్షేత్రం, కనఖలం, కైలాసం. మేఘానికీ ఈనాటి క్లౌడ్‌కూ పోలిక ఎవరికైనా తడుతుంది. అందుచేత నేను చేయను.

నన్ను పట్టి ఆపేది వేరే విషయం. మేఘదూతంలో యక్షుడు మేఘానికి సందేశం అప్పగించాడు సరే, అలకాపురిలో ఆ ఇల్లాలు నమ్మడం ఎలా? ఆకాశాన పోయే మబ్బు ఏదో ఉరిమి, మీ ఆయన కులాసా అంటే తలుపు తీస్తుందా? కాళిదాసు దీన్ని మరచిపోలేదు. చివరికి వచ్చేసరికి యక్షుడు ఒక గుర్తు చెబుతాడు: ఒకనాటి రాత్రి ఆమె నిద్రలో ఏడ్చి లేచిందట, ఎందుకని అడిగితే, కలలో నువ్వు మరొకతెతో కనిపించావని చెప్పిందట. వాళ్ళిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియని సంగతి. ఇదే పాస్‌వర్డ్. కాకపోతే దాన్ని ఊరంతా వినేలా ఉరిమే మేఘం చెవిన వేశాడు. కాళిదాసు ముందే సర్దుకున్నాడు: విరహంలో ఉన్నవాడికి ప్రాణమున్నదేదో లేనిదేదో తెలియదని.

వాల్మీకి ఇంకా జాగ్రత్తపరుడు. అశోకవనంలో హనుమంతుడు శింశుపా వృక్షం మీద కూర్చుని రామకథ తియ్యగా చెప్పాడు. సీత వెంటనే నమ్మిందా? నమ్మలేదు. ఈ రావణుడే మళ్ళీ వేషం వేశాడనుకుంది. రాముడెలా ఉంటాడో చెప్పమంది, ఆయనకూ వానరులకూ పొత్తు ఎలా కుదిరిందో చెప్పమంది. హనుమ అంగాంగ లక్షణాలు చెప్పాడు, సుగ్రీవుడి స్నేహం చెప్పాడు. అప్పుడు గాని ఉంగరం చేతికి రాలేదు. తిరుగు జవాబు పంపేటప్పుడు సీత ఒక్క గుర్తుతో సరిపెట్టలేదు. చిత్రకూటంలో కాకి పొడిచిన కథ చెప్పింది, చూడామణి ఇచ్చింది. ఒకటి తెలిసిన రహస్యం, ఒకటి చేతిలోని వస్తువు. ఈనాడు బ్యాంకులు రెండంచెల తనిఖీ అని పోస్టర్లు వేసి చెప్పే విద్య ఇదే. లంకలో కొలువు వారి మర్యాద కూడా గమనించదగినది. దూతను చంపరాదని విభీషణుడు అడ్డుపడితే, తోకకు నిప్పు పెట్టి పంపమన్నారు. దీనినే టపా శాస్త్రమున బౌన్స్ అందురు.

తెలుగులో జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశాడు. గుడి గడప దాటనివ్వని మనిషి, గుడి చూరులో స్వేచ్ఛగా వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపుకున్నాడు. సందేశకావ్యాలన్నిట్లో దూత ఎందుకు అవసరమయ్యాడన్న ప్రశ్నకు అంత నిప్పులాంటి జవాబు మరొకటి లేదు. మిగిలిన కావ్యాల్లో దూరం అడ్డం. ఇక్కడ దూరం కాదు, తలుపు అడ్డం. మా రసీదుల బాధను ఆ బాధ పక్కన పెడితే అది అపచారం, పెట్టను. కాని సందేశం పంపే శక్తి ఉన్నవాడికి కూడా ప్రవేశమున్న వేరొకరి రెక్కలు ఎందుకు కావలసి వస్తాయో తెలుగువాడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఎక్కడున్నాం? రెండో సూత్రం. ఎస్ అనగా ఎస్.

విశేషము: ‘ఎస్‌ఎంటీపీ’ తర్వాత ‘డీ’ ఒకటి తగిలించి రాస్తే, పోస్ట్‌ఫిక్స్ ఆ పంక్తిని తప్పనదు, కిమ్మనదు, సగౌరవంగా స్వీకరిస్తుంది. డీ లేనిది మనం పంపేటప్పటి నియమం. డీ ఉన్నది మన గడపకు వచ్చేవారిని మనం అడిగే నియమం. పోవలసిన ఉత్తరాలు పోవు, రావలసినవారిని మాత్రం నిలదీస్తూ కూర్చుంటాం. పెద్దాయన దృష్టిలో ఇదీ స్పష్టమే.

తృతీయ సూత్రము

టీక: రహస్యమును ఏ ఫైలున దాచవలెనో చెప్పు సూత్రము.

రహస్యం ముందు ఎక్కడిదో తెలియాలి. 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు ఖాతాల అసలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములు లోపలికి వచ్చే దారి మూసింది. గూగుల్ ద్వారా పంపేవారు రెండంచెల తనిఖీ పెట్టుకుని యాప్ పాస్‌వర్డ్ తెచ్చుకోవాలి. అది 16 అక్షరాలు. ఒక్కసారే చూపిస్తారు, కిటికీ మూశాక బ్రహ్మాదులు వచ్చినా మళ్ళీ చూపరు. షోడశాక్షరీ మంత్రం, గురువు ఒకసారే చెవిలో చెప్పడం, పరులకు చెప్పరాదన్న నియమం: శ్రీవిద్యా సంప్రదాయమంతా కాలిఫోర్నియాలో యథాతథంగా నడుస్తోంది.

ఇంత గోప్యంగా పొందిన మంత్రాన్ని ఏం చేయమంటుంది సూత్రం? మామూలు అక్షరాల్లో ఒక ఫైలులో రాసుకోమంటుంది. ఎడమవైపు యంత్రం పేరు, ఖాళీ, కుడివైపు యూజర్ పేరు, రెండు చుక్కలు, మంత్రం. ఈ ఫైలును రూట్ తప్ప ఎవరూ చదవకుండా 600 అనుమతి పెట్టాలన్నది అరఠావులో లేదు. లేకపోతే ఆ యంత్రంలో ఖాతా ఉన్న ప్రతివాడూ దీక్ష లేకుండానే మంత్రసిద్ధి పొందును.

ఎడమవైపు పేరు ఎట్లు రాయవలెను? మొదటి సూత్రంలో ఎట్లుండెనో అట్లే. అక్కడ కుండలీకరణాలూ 587 ఉంటే ఇక్కడా ఉండాలి. 587 ఉంచి కుండలీకరణాలు తీసేస్తే పోస్ట్‌ఫిక్స్‌కు ఆ పద్దు కనబడదు. కనబడలేదని చెబుతుందా? చెప్పదు. పాస్‌వర్డ్ ఊసెత్తకుండా నేరుగా వెళ్ళి ఉత్తరం చాపుతుంది. అవతలివాడు ముందు నువ్వెవరో చెప్పమని 530 అనో, నీ టపా మేం మోయమని 554 అనో తోకకు నిప్పంటిస్తాడు. నిందంతా అవతలివాడి మీదికి పోతుంది. దోషం మన ఫైలులో, మొదటి గీతలో.

హాష్: అనగా, మనం రాసిన ఫైలును పోస్ట్‌ఫిక్స్ చదవదు. పోస్ట్‌మ్యాప్ అను ఆజ్ఞతో దాన్నుంచి పుట్టించిన డీబీ ఫైలును చదువుతుంది. మంత్రం మారినప్పుడల్లా మళ్ళీ పుట్టించాలి. మరిస్తే, డేటాబేస్ మూలం కన్న పాతదని లాగులో ఒక హెచ్చరిక. ఇది మంచి హెచ్చరిక. ఏమైందో చెబుతుంది, ఏ ఫైలో చెబుతుంది. ఇలాంటివి ఈ శాస్త్రంలో అరుదు గనుక కీర్తిస్తున్నాను. పద్దు దొరుకుతున్నదో లేదో ముందే చూసుకోవాలంటే పోస్ట్‌మ్యాప్‌కే -క్యూ తగిలించి ఆ పేరు అడగవచ్చు. జవాబుగా మంత్రం తెర మీద పడుతుంది. వెనక ఎవరూ లేకుండా చూసుకుని అడగవలెను.

చతుర్థ సూత్రము

టీక: అనామకముగా ప్రవేశించరాదని నిషేధము.

అని పైకి కనిపిస్తుంది. మీమాంసకుడు ఇక్కడ ఆగుతాడు. ఐదు గోళ్ళ జంతువుల్లో ఐదింటినే తినవచ్చు అన్న వాక్యం తినమని చెప్పడానికి కాదు, మిగతావి తినొద్దని చెప్పడానికి. దీన్ని పరిసంఖ్య అంటారు. బాణం దిగి పడి ఉన్న వాలి కూడా రాముడి ముందు ఈ ధర్మాన్నే ఎత్తాడు. మన నాలుగో సూత్రం దీనికి తలకిందులు. చూడ్డానికి నిషేధం, తాత్పర్యం అనుమతి. ఎట్లనగా, ఈ పంక్తి రాయకపోతే పోస్ట్‌ఫిక్స్ సహజంగా పాటించే నిషేధాలు రెండు: అనామకం వద్దు, పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు చెప్పడం వద్దు. ఒక్కదాన్నే రాసేసరికి రెండోది రద్దయింది. సూత్రం పలికింది అనామకాన్ని గురించి. చేసింది మొత్తం ఉన్నదున్నట్టు చెప్పే ప్లెయిన్ పద్ధతికి తలుపు తీయడం. ఎందుకంటే అవతలి పెద్ద యంత్రాలు చాలావరకు అడిగేది ఆ ప్లెయిన్, లాగిన్ పద్ధతులనే. చెప్పని మాటలో ప్రాణం దాచిన సూత్రాన్ని ‘స్పష్టం’ అన్న పెద్దాయనను ఏ శాస్త్రం క్షమిస్తుంది?

ఇంతవరకు సరిగా చేసినవారికి లాగులో ఈ వాక్యం దర్శనమిస్తుంది: ‘నో వర్దీ మెక్స్ ఫౌండ్’. యోగ్యమైన పద్ధతి ఒక్కటీ కనబడలేదని భావము. దాని వెంట ‘స్టేటస్=డిఫర్డ్’.

దీన్ని చదివినవాడు ఏమనుకుంటాడు? తన పాస్‌వర్డ్ యోగ్యం కాదనుకుంటాడు. మార్చి మార్చి పెడతాడు. నాలుగో సూత్రంలో తప్పుందనుకుని దాన్ని కెలుకుతాడు. అవతలి సంస్థకు ఫోన్ చేస్తాడు. వాళ్ళు మీ వైపే తప్పంటారు, నిజమే. అసలు సంగతి ఏమంటే, ప్లెయిన్ అనే పద్ధతిని నేర్పే మాడ్యూలు ఆ యంత్రంలో వేయనే లేదు. డెబియన్, ఉబుంటులలో దాని పేరు లిబ్‌సాసల్2-మాడ్యూల్స్. రెడ్‌హ్యాట్ వంశంలో సైరస్-సాసల్-ప్లెయిన్. పోస్ట్‌ఫిక్స్ వచ్చినంత మాత్రాన ఇది వెంట వచ్చి తీరుతుందన్న నమ్మకం లేదు. డిస్కు పొదుపని సిఫార్సు ప్యాకేజీలు వద్దన్న యంత్రాల్లో అసలే రాదు. స్వయంవరానికి యోగ్యుడు ఒక్కడూ రాలేదని తీర్పు చెబుతున్నారు. ఆహ్వానాలే వెళ్ళలేదన్న మాట ఎవరూ చెప్పరు.

ఇక్కడ టీక భాష పక్కన పెడతాను. ఇది పెద్దాయనకు తెలుసు. ఆయన ఎప్పుడో ఒకనాడు ఇదే వాక్యం దగ్గర రాత్రంతా కూర్చుని ఉంటారు. తెలిసిన తర్వాత అది ఆయనకు ‘స్పష్టం’ అయిపోయింది. ఒక్క ప్యాకేజీ పేరు, అరఠావులో ఆరో పంక్తిగా, పట్టేంత చోటుంది. నేను కొలిచి చూశాను. రాయలేదు. తెలియనివాడు తెలియక రాయకపోతే అది అజ్ఞానం, మందు ఉంది. తెలిసినవాడు, నేను పడ్డాను కదా నువ్వూ పడు అని రాయకపోతే దాన్ని గురుకులం అనకూడదు.

పంచమ సూత్రము

టీక: ముసుగు లేనిదే సంభాషించరాదని విధి.

ఇదే చోట ‘మే’ అని ఉంటే వికల్పం: అవతలివాడు ముసుగు ఇస్తే వేసుకో, లేకపోతే బహిరంగంగానే మాట్లాడు అని. నాలుగో సూత్రంతో ప్లెయిన్‌కు తలుపు తీసి, ఐదో సూత్రంలో వికల్పం పెట్టుకుంటే షోడశాక్షరి నడివీధిలో పారాయణమగును. కనుక ‘ఎన్‌క్రిప్ట్’ నిత్యవిధి. ఇంతవరకు పెద్దాయన మాట శిరోధార్యం.

కాని దూతల కథ ఊరకే చెప్పలేదు. ‘ఎన్‌క్రిప్ట్’ అన్న మాటకు పోస్ట్‌ఫిక్స్ ఇచ్చే అర్థం గొంతు తగ్గించి మాట్లాడమని మాత్రమే. ఎవరితో మాట్లాడుతున్నామో అది పరిశీలించదు. అవతలివాడి సర్టిఫికెట్ మీద ఏ పేరున్నా, ఎవరు సంతకం పెట్టినా, తనకు తానే పెట్టుకున్నా సరే, ముసుగు పడితే చాలు, రహస్యం చెప్పేస్తుంది. సీత అట్లా చేసిందా? చెట్టు చాటున మెల్లగా మాట్లాడిన ప్రతి కోతికీ చూడామణి ఇచ్చిందా? రాముడి రూపురేఖలు అడిగి మరీ ఇచ్చింది. ఆ అడిగే విద్య కావలసినవారు ‘ఎన్‌క్రిప్ట్’ తీసి ‘సెక్యూర్’ అని రాయాలి. నమ్మదగిన సంతకందారుల జాబితా ఏ ఫైలులో ఉందో కూడా చెప్పాలి. అప్పుడు పేరు సరిపోతేనే నోరు విప్పుతుంది. ఇది అరఠావులో లేదు, డాక్యుమెంటేషన్‌లో ఉంది. కాబట్టి పెద్దాయన అబద్ధమాడలేదు.

అనుక్తము

సూత్రకారుడు చెప్పనిదానిని చెప్పుట వ్యాఖ్యాత ధర్మము. మా మూలానికి ఈ ఖండం అన్నిటికన్న పెద్దదయ్యేది. ఒక్కటి చెప్పి ఆపుతాను.

ఆగిపోయిన ఉత్తరం ఏమగును? క్యూలో ఉండును. పోస్ట్‌ఫిక్స్ మొదట అయిదు నిమిషాలకు, పోను పోను గంట పైచిలుకు ఎడంతో తలుపు తట్టి చూస్తుంది. ఇలా ఐదు రోజులు. పాస్‌వర్డ్ తప్పైనా అంతే. అవతలివాడు 535 అని మొహాన చెప్పినా, ఇది తాత్కాలిక అలక అనుకుని ఓపిక పడుతుంది. ఈ ఐదు రోజుల్లో పంపినవాడికి ఒక్క కబురు చెప్పదు. ఆలస్యం కబురు చెప్పే సౌకర్యం ఉంది. డిలే_వార్నింగ్_టైమ్ దాని పేరు. పుట్టుకతో దాని విలువ సున్నా, అనగా చెప్పవద్దని. ఆరో రోజున ఉత్తరం తిరిగొస్తుంది. ఎవరికి? రసీదు పంపింది ప్రోగ్రాము గనుక, ఆ ప్రోగ్రాము ఎవరి పేరు మీద నడుస్తోందో ఆ పేరున, ఆ యంత్రంలోనే ఉన్న డబ్బాలోకి. ఆ డబ్బా తెరిచేవాడు ఆ ఆఫీసులో ఇంకా పుట్టలేదు.

అవతల చందాదారు ఏమనుకుంటారు? నరసరావుపేటలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన, మనవడి చేత ఫోన్‌లో డబ్బు కట్టించి, రసీదు రాలేదని మళ్ళీ కట్టిస్తారు. తర్వాత కార్డు రాస్తారు, చేత్తో, నీలి సిరాతో: “తమరు క్షేమమని తలుస్తాను. చందా ముట్టినదో లేదో తెలియజేయగలరు.” ఆ కార్డు నాలుగు రోజుల్లో చేరుతుంది. ఆథ్ లేదు, టీఎల్‌ఎస్ లేదు, కుండలీకరణం లేదు. మన యంత్రం ఓపిక ఐదు రోజులు.

తాత్పర్యము

చిన్న యంత్రము పెద్ద యంత్రమునకు తన పేరును రహస్యమును ముసుగులో చెప్పి, ఉత్తరములు దాని చేత పంపించుకొనవలెను. వాక్యం ఇంతే. దీనికి ఐదు పంక్తులు చాలునన్నది నిజం. ఐదు పంక్తులు పనిచేయాలంటే ఐదింటి వెనకా ఒక్కొక్క గొయ్యి ఉందన్నదీ నిజం. మొదటిది మాత్రమే చెప్పి రెండోది ‘స్పష్టం’ అనేవాడు పండితుడు కావచ్చు గాని వ్యాఖ్యాత కాడు.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధతో చదివి, ఫైలుకు 600 పెట్టి, పోస్ట్‌మ్యాప్ జపించి, రీలోడ్ చేసినవారి ఉత్తరములు క్యూలో నిలువవు. చేరిన చోట స్పామ్ సంచిలో పడినచో ఆ దోషము ఈ శాస్త్రమునది కాదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అను త్రయి వేరే ఉన్నది, దానికి భాష్యకారులు వేరే ఉన్నారు.

చివరగా, మూలంలో చేయి పెట్టడం వ్యాఖ్యాతకు తగదని తెలిసే ఆరో సూత్రం చేరుస్తున్నాను:

6. ముందు లిబ్‌సాసల్2-మాడ్యూల్స్ వేసుకో. రెడ్‌హ్యాట్ అయితే సైరస్-సాసల్-ప్లెయిన్.

ఇది ప్రక్షిప్తమని రేపటి పరిష్కర్తలు కుండలీకరణాల్లో పెడతారు, ఎల్లుండి తీసేస్తారు. తీసేసినవారు తమ రసీదులు తామే సైకిలెక్కి పంచుకొందురు గాక. ఇతి స్పష్టార్థభంజని సమాప్తము.